మిట్టమధ్యాహ్నము ఆగిన పెట్టె

తెలుగు చెప్పుకొని బ్రతికినవాడను నేను. సంధులు, సమాసములు, ఛందస్సు నా సొత్తు. విద్యుత్తును గూర్చి నాకు తెలిసినదెల్ల రెండే మాటలు. మీట నొక్కిన దీపము వెలుగును. తడిచేతితో ముట్టిన ప్రాణము పోవును. ముప్పదిరెండేండ్లు బడిలో పనిచేసి, తుదకు ప్రధానోపాధ్యాయుడనై, విశ్రాంతి తీసికొన్న తరువాత, నేనొక చిన్న పెట్టెయొద్ద మరల విద్యార్థినైతిని. నాకు పాఠము చెప్పినది ఒకప్పుడు నాయొద్ద ఎనిమిదవ తరగతి చదివిన బాలిక. ఆ పాఠమును మీతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా ఊరు ఘంటసాల. మచిలీపట్టణమునకు పడమటగా, కృష్ణా డెల్టాలోనున్న పాతగ్రామము. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న 'కంటకోస్సిల' మా ఊరేయని చరిత్రకారులు చెప్పుదురు. ఇచ్చటి బౌద్ధస్తూపపు దిబ్బను చూచుటకు నేటికిని దూరప్రాంతములవారు వత్తురు. నాడు ఓడలను మా తీరమునకు తెచ్చిన సముద్రపుగాలియే నేడును మా ఇండ్లమీద వీచుచున్నది. ఆ గాలిలో ఉప్పున్నది. అది తలుపు గడియలను, కిటికీ చువ్వలను, కరెంటు తీగలను చప్పుడు చేయక తినుచుండును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ. నాకప్పుడు పదునేడేండ్లు. ఆనాడు దివిసీమపై విరుచుకుపడిన తుపాను, ఉప్పెన కలిసి పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకొన్నవి. మా వీధిలో రాత్రియంతయు గాలి అరుపు తప్ప మరియొకటి వినబడలేదు. తెల్లవారి చూడగా విద్యుత్ స్తంభములు వరిచేలకు అడ్డముగా పడియున్నవి. తరువాత చాల దినములు మా ఇంట కిరసనాయిలు దీపములే వెలిగినవి. స్తంభములను నిలబెట్టుటకు వచ్చినవారిలో ఒక లైన్‌మాన్ రాత్రివేళ మా అరుగుమీద పరుండెడివాడు. ఒకనాడు మా నాయనగారు అతనిని, "ఈ తీగలు పట్టుకోవడానికి నీకు భయం వెయ్యదటయ్యా?" అని అడిగిరి.

"భయం లేనివాడు ఈ ఉద్యోగం చెయ్యకూడదండీ," అనెను అతడు. "కరెంటు పైనించి కిందికి రావాలి. పైన ఆపేశారు. అయినా సరే, తీగని నేలకి కలిపిందాకా దానిమీద చెయ్యి వెయ్యను."

ఆ మాట నా మనస్సులో నిలిచిపోయినది. కాని దాని అర్థము పూర్తిగ తెలియుటకు నాకు దాదాపు ఏబది యేండ్లు పట్టినది.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఇంటికప్పులమీద సౌరఫలకములను పెట్టుకొనువారికి సహాయమిచ్చు పథకమును ప్రకటించెను. మూడు కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల రాయితీ. మా అబ్బాయి పట్టుబట్టుటచే అదే సంవత్సరము ఆగస్టు నెలలో మా డాబామీదను ఫలకములు వెలసినవి. మెట్లక్రింద గోడకు పెట్టెవంటి యంత్రమొకటి బిగించిరి. దానిని ఇన్వర్టరు అందురు. ఇంటిముందు మీటరును మార్చి, పోవు కరెంటును వచ్చు కరెంటును వేరువేరుగా లెక్కించు క్రొత్త మీటరు పెట్టిరి. పగలు మా ఇంటికి మిగిలిన విద్యుత్తు వీధి తీగలోనికి పోవును. రాత్రి మాకు కావలసినది అక్కడనుండి వచ్చును. ప్రతిదినము సాయంకాలము పెట్టె ముఖమునగల అంకెను చూచి, ఈనాడు పదకొండు యూనిట్లు, ఈనాడు పన్నెండు యూనిట్లు అని డైరీలో వ్రాసికొనుట నాకొక వేడుకయయ్యెను.

నవంబరు నెలలో ఆ వేడుకకు భంగము కలిగెను. ఎండ మంచి ఊపుమీదనుండగా, సరిగా పండ్రెండు గంటలవేళకు, పెట్టె ఆగిపోవుటకు మొదలిడెను. ఎఱ్ఱదీపము వెలుగును, కొన్ని నిమిషములకు మరల తానే నడచును, మరల ఆగును. మబ్బు పట్టిననాడు మాత్రము చక్కగా నడచును. ఎండ ఎక్కువయైనప్పుడే పని మానుకొను ఈ సోమరి సేవకుని చూచి నాకు కోపము వచ్చెను.

బిగించినవారి కబురుపెట్టగా ఒక కుఱ్ఱవాడు వచ్చి, తన చరవాణిని పెట్టెకు అనుసంధానించి చూచి, "వోల్టేజి ఎక్కువవుతోంది మాస్టారూ. 253 దాటితే ఆగేలా పెట్టి ఉంది. సంకేతపదం నా దగ్గర ఉంది. 270 పెట్టేస్తాను, ఇక ఆగదు," అనెను. నాకు ఆ అంకెల అర్థము తెలియదు. ఆగదనిన మాటమాత్రము తియ్యగానుండెను. "అట్లే కానిమ్ము" అంటిని. రెండు నిమిషములలో పని ముగిసెను. కాఫీ త్రాగి అతడు వెడలిపోయెను. ఆ మరునాటినుండి పెట్టె ఆగలేదు. డైరీలో మరల పన్నెండు యూనిట్లు వచ్చినవి. నెల తిరుగకముందే వంటయింటి దీపమొకటి మాడిపోయినది. దానికిని దీనికిని సంబంధముండునని నాకు తోచలేదు.

సంక్రాంతికి మా పూర్వవిద్యార్థిని తల్లిదండ్రులయింటికి వచ్చి, వాడుక చొప్పున నన్ను చూడవచ్చెను. ఆమె హైదరాబాదులో విద్యుత్ పరివర్తక ఫలకములను రూపొందించు ఇంజనీరు. పండుగ సెలవులలోను పని వదలని స్వభావము ఆమెది. చేతిసంచిలోనుండి అరచేతియంత పచ్చని పలక నొకదానిని తీసి అరుగుమీది బల్లపై పెట్టి, "మాస్టారూ, మీకు నా పని చూపిస్తాను," అనెను.

ఆ పలకమీద నల్లని చిన్న చిన్న చతురస్రములు, రాగిచుట్టలు, వడ్లగింజలవంటి ముక్కలు కూర్చబడియున్నవి. దానికొకవైపున 12 వోల్టుల విద్యుత్తు నిచ్చుచు, రెండవవైపున కొలతపరికరమును తగిలించెను. ఒక తీగతో దానిని తన కంప్యూటరునకు కలిపెను. తెరమీద అంకెలు వెలసినవి. లోనికి వచ్చు వోల్టేజి, బయటికి పోవు వోల్టేజి, ప్రవాహము, వేడిమి, ఇవి యన్నియు క్షణక్షణమును మారుచు కనబడినవి. బయటికి వచ్చునది ఒక వోల్టు. ఆమె మీటలపై 1.2 అని కొట్టగా, కొలతపరికరమును 1.2 చూపినది. మరను త్రిప్పలేదు, స్క్రూ బిగించలేదు. మాటతో పని జరిగినది.

"ఇంత చిన్న వోల్టేజి ఎవరికమ్మా?" అంటిని.

"కంప్యూటరు మెదడుకండీ. దానికి ఒక్క వోల్టు చాలు, కాని ప్రవాహం మాత్రం పదుల కొద్దీ ఆంపియర్లు కావాలి. ఒక పెద్ద యంత్రంలో ఇలాంటి పలకలు చాలా ఉంటాయి. ఏది ముందు లేవాలి, ఏది తరువాత లేవాలి, ఏది ఎంతకి ఆగాలి, అన్నీ మాటతోనే చెప్పాలి. ఒక్కొక్క కంపెనీ పలక ఒక్కొక్క భాష మాట్లాడితే కష్టమని, 2005లో అందరికీ పనికివచ్చే ఉమ్మడి భాష ఒకటి ఏర్పరచుకున్నారు. దాని పేరు పీఎంబస్."

భాషయనగానే నాకు చెవి నిక్కినది. పలకలోపల జరుగునదేమని అడిగితిని. ఆమె ఒక నిమిషమాలోచించి, మా ఇంటి ముందరి కాలువను చూపెను.

"మన కాలువ మీద లస్కరు ఏం చేస్తాడు మాస్టారూ?"

ఆ ప్రశ్నకు మా ఊరిలో పసివాడును సమాధానము చెప్పగలడు. 1855లో బెజవాడ యొద్ద కృష్ణకు తొలి ఆనకట్ట కట్టిననాటినుండి, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, ఈ డెల్టా బ్రదుకు తూము తలుపులమీదనే ఆధారపడియున్నది. లస్కరు కొలతపలకమీద నీటిమట్టమును చూచును. ఉండవలసిన మట్టమేదో పైవారు అతనికి చెప్పియుందురు. నీరు తక్కువయైనచో తలుపు నెత్తును, ఎక్కువయైనచో దించును. గట్టు తెగునంత నీరు వచ్చినచో ఎవ్వరిని అడుగక మూసివేయును.

"ఈ నల్ల ముక్కలో ఉన్నవాడూ లస్కరేనండీ. చూడడం, సరిపోల్చడం, తలుపు కదపడం, అంతే పని. కాని మన లస్కరు రోజుకి రెండు మూడుసార్లు చేసే పని వీడు సెకనుకి కొన్ని లక్షలసార్లు చేస్తాడు. ఆ తలుపు నీటిది కాదు, కరెంటుది. కదిలే భాగం లేని తలుపు. ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఎంతసేపు మూసి ఉంచాలి అన్నదాన్నిబట్టి బయటికొచ్చే వోల్టేజి ఉంటుంది. నేను కంప్యూటరులోంచి తలుపు కదపను. వాడికి ఉత్తరువు మాత్రం ఇస్తాను. వాడు పంపే చిట్టా చదువుకుంటాను."

పిమ్మట ఆమె ప్రవాహపు హద్దును నాలుగు ఆంపియర్లకు దించి, పలకపై బరువు పెంచెను. ప్రవాహము నాలుగు దాటగానే అంతయు ఆగిపోయెను. తెరమీద ఎఱ్ఱని అక్షరములతో 'ప్రవాహము హద్దు దాటినది' అను అర్థముగల వాక్యమును, దాటిన సమయమును, ఆ క్షణముననున్న అంకెలును కనబడినవి.

"ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి మాస్టారూ," అనెను ఆమె. "హద్దును పెంచితే ఇది క్షణంలో నడుస్తుంది. లేదా ఎందుకు దాటిందో వెతకాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లందరూ మొదటి దారే పడతారు. నేనూ పడ్డాను. ఒక మంచి పలక నా కళ్లముందే పొగయిపోయింది."

బాలబాలికలారా, గురువునకు శిష్యురాలియెదుట ముఖము చిన్నబోవుట సుఖముగానుండదు. అయినను దాచుట తగదనిపించి, నవంబరులో జరిగినదంతయు ఆమెకు చెప్పితిని. 270 అను అంకె వినగానే ఆమె చిరునవ్వు మాయమయ్యెను. "రండి, పెట్టె చూద్దాం," అని లేచినది.

గోడమీది పెట్టెయు పలకవంటిదే, పరిమాణమున పెద్దది. సౌరఫలకములనుండి ఒకే దిక్కున పారు విద్యుత్తు, అనగా ఏకముఖ ప్రవాహము వచ్చును. వీధితీగలోనిది సెకనుకు ఏబది ఆవృత్తులతో ఇటు నటు ఊగు ఏకాంతర ప్రవాహము. పెట్టెలోని లస్కరు మొదటిదానిని ముక్కలు ముక్కలుగ కోసి, రెండవదాని యూపుతో కాలు కలిపి నడచునట్లు కూర్చి పంపును. అంతియేకాక, ఎండ మారినకొలది ఫలకములనుండి గరిష్ఠశక్తి ఏ వోల్టేజియొద్ద దొరకునో కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు జరిగి చూచుచు వెదకుకొనుచుండును. పెట్టె మూతను ఆమె తెరువలేదు. "మీట ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు కొన్ని నిమిషాలపాటు నిలిచి ఉంటుందండీ. దీని మూత తీసే పని మనది కాదు," అని చెప్పి, క్రిందనున్న సందులో తీగ తగిలించి, కంప్యూటరునకు కలిపి చదువ నారంభించెను.

తెరమీది అంకెలు మూడు తెగలుగ నుండెను. ఇప్పుడు జరుగుచున్నదానిని తెలుపు కొలతలు ఒక తెగ. పాటింపవలసిన ఉత్తరువులు రెండవ తెగ. గతమున జరిగిన పొరపాట్ల చిట్టా మూడవ తెగ. ఉత్తరువులలోను భేదమున్నదని ఆమె చెప్పగా, నాకు వ్యాకరణపాఠము గుర్తునకు వచ్చినది. సంధులలో కొన్ని నిత్యములు, కొన్ని వైకల్పికములు గదా! గడియారపు వేళ, తెరమీది భాష, ఎన్ని నిమిషముల కొకసారి చిట్టా వ్రాయవలెను అనునవి వైకల్పికములు. ఎవరి యిష్టము వచ్చినట్లు వారు మార్చుకొనవచ్చును. వీధితీగతో సంబంధించిన హద్దులు మాత్రము నిత్యములు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన నియమముల ప్రకారము, వోల్టేజి ఉండవలసినదానిలో నూటికి 110 దాటినను, 80కి తగ్గినను, ఇట్టి పెట్టె రెండు సెకనులలో వీధితీగనుండి తప్పుకొనవలెను. మనకుండవలసినది 230. దానికి నూటికి 110 చొప్పున లెక్క కట్టినచో 253. మా కుఱ్ఱవాడు తుడిచివేసిన అంకె అదియే.

"ఈ అంకె ఎవరికోసమో తెలుసా మాస్టారూ? ఒకటి మీ ఇంటి దీపాలకోసం. రెండోది పక్కింటివాళ్లకోసం. ఇలాంటి హద్దులతోపాటు పెట్టెలో ఇంకో కాపలా ఉంటుంది. వీధిలో కరెంటు పోతే, ఎండ ఎంత ఉన్నా సరే, పెట్టె వెంటనే ఆగిపోవాలి. లేకపోతే పైన ఆపేశారనుకుని తీగ పట్టుకున్న లైన్‌మానుకి మీ డాబా మీదినించి కరెంటు వస్తుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అది బాగానే ఉంది. కాని ఒక హద్దు తుడవడం అలవాటైన చెయ్యి రెండోదాని మీదికీ పోతుంది."

నాకు మా అరుగుమీద పరుండిన ఆ లైన్‌మాన్ కన్నులయెదుట నిలిచెను. కరెంటు పైనుండి క్రిందికే వచ్చునని అతడు నమ్మిన కాలము వేరు. నేడు శివారు భూమినుండి కాలువతలకు నీరు ఎదురెక్కినట్లు, ప్రతి డాబానుండియు విద్యుత్తు తీగలోనికి ఎక్కుచున్నది. నేను తొందరపడి తలయూపిన ఒక అంకె వెనుక ఎవరి ప్రాణమున్నదో నేను అడుగనైనను అడుగలేదు.

ఇక కారణమును వెదకుట మిగిలెను. ఆమె గతనెలల చిట్టాను తెరమీదికి తెచ్చినది. పెట్టె పూర్తిశక్తితో నడచు మధ్యాహ్నవేళల వోల్టేజిని నెలవారీగా ఏరి నాచేత డైరీలో వ్రాయించెను. సెప్టెంబరులో 244. అక్టోబరులో 248. నవంబరులో 253. డిసెంబరులో 258. తెల్లవారుజామున పెట్టె నిద్రించుచున్నప్పుడు మాత్రము అన్ని నెలలలోను 240కి అటు నిటుగనే యున్నది.

"చూశారా? వీధిలో వోల్టేజి పెరగలేదు. మన కరెంటు బయటికి పోయేటప్పుడే పెరుగుతోంది. అదీ నెల నెలకీ ఎక్కువవుతోంది. దారిలో ఏదో అడ్డం పడుతోంది. పరీక్షిద్దాం."

ఆనాటి మధ్యాహ్నము పండ్రెండున్నరకు పెట్టె 10 ఆంపియర్లను పంపుచుండెను. వోల్టేజి 252. ఆమె కంప్యూటరునుండి 'ఆగుము' అని ఉత్తరువిచ్చినది. ప్రవాహము సున్నయయ్యెను. వోల్టేజి ఆ క్షణముననే 237కు దిగెను. మరల నడిపించెను, మరల 252. మూడుసార్లు చేసినను అదే ఫలితము.

"15 వోల్టులు, 10 ఆంపియర్లు. భాగించండి మాస్టారూ."

"ఒకటిన్నర," అంటిని.

"ఒకటిన్నర ఓముల నిరోధం. మంచి తీగ, మంచి అతుకులు ఉంటే ఇందులో మూడోవంతుకి మించకూడదు. మిగతా ఒక ఓము ఎక్కడో ఒక్క చోట కూర్చుని ఉంది. ప్రవాహాన్ని ప్రవాహంతో హెచ్చించి నిరోధంతో హెచ్చిస్తే వేడి. పది పదులు వంద. వంద వాట్లు! రేడియోలు బాగుచేసేవాళ్లు సీసం కరిగించే కడ్డీకి పాతిక వాట్లు చాలు. అంతకి నాలుగు రెట్ల వేడి మీ ఇంటి తీగలో ఏదో ఒక అతుకు మీద ప్రతి మధ్యాహ్నం మండుతోంది."

నాకు ఒళ్లు జలదరించెను. అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది, నీళ్లమోటారు వేసినప్పుడెల్ల కొంతకాలముగా మా ఇంటి దీపములు ఒక్కసారి కునికి తేరుకొనుచున్నవని. ముసలితనపు చూపనుకొని ఊరకుంటిని. ఆ మాట చెప్పగా, "అదీ ఇదే అతుకు మాట్లాడినట్టు," అనెను ఆమె.

అంతట నేను, "వెంటనే 253కు మార్చివేయవమ్మా" అంటిని. ఆమె తల అడ్డముగ నూపెను. "చదవడం అందరికీ చెల్లుతుంది మాస్టారూ. రాయడం అధికారం ఉన్నవాళ్లకే. నాకు తెలిసినంత మాత్రాన నాది కాని పెట్టెలో అంకె మార్చకూడదు. ఇప్పటికి పెట్టె ఆపేద్దాం. బిగించినవాళ్లని పిలిపించి, రాసినదాని కింద సంతకం పెట్టించి, పాత అంకె పెట్టిద్దాం. అతుకు సంగతి విద్యుత్తు వాళ్లకి చెబుదాం."

ఆ సాయంకాలమే తేదీలు, వేళలు, అంకెలు వరుసగ వ్రాసి, పరీక్ష చేసిన విధమును వివరించి, ఒక అర్జీ సిద్ధముచేసితిని. జీవితమున ఎన్నో అర్జీలు వ్రాసితినిగాని, విశేషణమొక్కటియు లేని అర్జీ అదియే మొదటిది. అంకెలున్నచోట విశేషణములతో పనిలేదని తెలిసికొంటిని. కనుమ వెళ్లిన మరునాడు విద్యుత్తు సిబ్బంది వచ్చిరి. లైన్‌మాన్ ముప్పదియేండ్ల లోపువాడు. మా శిష్యురాలు పెట్టె ఆగియున్నదని చూపి, వీధితీగకు పెట్టెకు నడుమనున్న మీటను క్రిందికి దించి, "ఇది ఆపేశామండీ," అని చెప్పెను.

"మంచిదండీ. అయినా నా పని నేను చేసుకుంటాను," అని అతడు పైన సరఫరా ఆపించి, పరీక్షదీపముతో చూచి, తీగను నేలకు కలిపి, అప్పుడు స్తంభమెక్కెను. ఏబదియేండ్ల క్రింద విన్న మాట మరల విన్నట్లయినది.

మా ఇంటికి వచ్చు సర్వీసు తీగ స్తంభముయొద్ద వీధితీగతో కలియు అతుకును అతడు కోసి క్రిందికి తెచ్చి నా చేతిలో పెట్టెను. అల్యూమినియముమీద తెల్లని పొడి పేరుకొని యున్నది. చుట్టునున్న తొడుగు కరిగి, నల్లనై, మసివాసన వేయుచున్నది. తీగ సగము తినివేయబడి, కొన్ని పోగులు మాత్రమే మిగిలినవి. ఉప్పుగాలి సగము తినగా, నేను పెంచిన హద్దు మిగిలిన సగమును కాల్చినది. స్తంభము ప్రక్కనే వరిగడ్డివామి యున్నది. ఎవ్వరును మాటాడలేదు.

క్రొత్త అతుకు వేసిరి. బిగించినవారు వచ్చి పాత అంకెను పెట్టిరి. అప్పుడును ఆమె నన్ను విడువక, ఆ పని చేయవలసిన క్రమమును నాచేత వ్రాయించెను. మొదట ఉన్న అంకెలన్నిటిని చదివి వ్రాసికొనవలెను. ఒక పర్యాయమునకు ఒక్క అంకెనే మార్చవలెను. మార్చిన పిదప కొంతసేపు కొలతలను కనిపెట్టవలెను. అంతయు సరియైనదని తేలిన తరువాతనే శాశ్వతముగ నిలుపు ఉత్తరువీయవలెను. ఎవరు, ఎప్పుడు, ఏల మార్చిరో వ్రాసియుంచవలెను. ఆ కాగితమును పెట్టెప్రక్కన గోడకంటించితిని. మరునాటి మధ్యాహ్నము వోల్టేజి 244. పెట్టె ఆగలేదు. ఆగవలసిన కారణము లేదు గనుక ఆగలేదు.

కథ ఇంతటితో ముగిసినదని మీరనుకొందురు. కాని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చాల యేండ్ల వెనుకటి ఒక బాలుడు జ్ఞాపకమునకు వచ్చెను. నేను ప్రధానోపాధ్యాయుడనైన తొలియేడు తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడు ప్రతిదినము మధ్యాహ్నము తరగతిలో నిద్రించెడివాడు. ఉదయము చురుకుగ లెక్కలు చేయును. భోజనానంతరము తల వాల్చును. ఉపాధ్యాయులు నాతో చెప్పిరి. పిల్లవానిని కొట్టుట నా స్వభావము కాదు. "పోనిండు, వెనుకబల్లమీద కూర్చుండబెట్టుడు. తనిఖీకి వచ్చినవారి కంటపడకుండ చూడుడు," అంటిని. అది దయయనుకొంటిని. ఆ పిల్లవాడు రాత్రులు రొయ్యలచెరువు గట్టుమీద తండ్రికి బదులు కాపలా కాయుచున్నాడని నాకు తెలియునప్పటికి అతడు బడి మానివేసెను. ఆ యేటి పరీక్షకు రాలేదు. మరల నేనతనిని చూడలేదు.

అతడును ప్రతిదినము మిట్టమధ్యాహ్నమే ఆగిపోయెడివాడు. అది సోమరితనము కాదు. ఎక్కడనో ఒక అతుకు మండుచున్నదను వార్త. నేనా వార్తను చదువలేదు. హద్దును పెంచి, వెనుకబల్లకు పంపితిని.

విద్యార్థులారా, మీ కాలమున ప్రతి యింటను, ప్రతి పొలమునను ఇట్టి పెట్టెలు వెలయుచున్నవి. మీలో కొందరు వానిని రూపొందింతురు, కొందరు బిగింతురు, కొందరు నావలె వానిప్రక్కన నిలిచి చూతురు. ఏదేని యంత్రము తనంతట తాను ఆగినప్పుడు దానిని తిట్టుటకు ముందు దాని చిట్టాను చదువుడు. ఎవరేని ఒక హద్దును తుడిచివేయుదుమన్నప్పుడు ఆ హద్దును ఎవరికొఱకు పెట్టిరో అడుగుడు. మీ తరగతిలో ఎవరేని రోజును ఒకే వేళకు తల వాల్చుచున్నచో, మీ ఉపాధ్యాయులకంటె ముందుగ మీరే వాని ప్రక్కన కూర్చుండి, "రాత్రి ఎక్కడున్నావురా?" అని అడుగుడు.

ఆ కాలిన అతుకు నేటికిని నా వ్రాతబల్లమీద, నిఘంటువు ప్రక్కన ఉన్నది. చూడవచ్చినవారు అదేమని అడిగినప్పుడెల్ల, నా పాఠ్యపుస్తకమని చెప్పుచుందును.